బహువార్షికమని అమ్మిన పసుపు ఫాక్స్‌గ్లవ్ మూడవ ఏట ఎందుకు కనిపించకుండా పోయింది?

ఉల్మ్_సుమ
మేము ఉండేది జర్మనీ దక్షిణ భాగంలో, ఉల్మ్ పట్టణానికి ఎగువన, ష్వేబిషె ఆల్ప్ కొండల అంచున. నాలుగేళ్ళ క్రితం జూన్ నెలలో ఆ కొండల్లో నడుస్తుండగా, బీచ్ చెట్ల అడవి పలచబడి సున్నపురాళ్ళు బయటపడిన ఒక వాలు మీద లేత పసుపు పూలకంకులు నిలబడి కనిపించాయి. వంగి చూసిన ఆ క్షణంలో మా నాన్నగారి నువ్వుచేను కళ్ళ ముందు మెదిలింది. కిందికి వాలిన ఆ గొట్టం, ముందుకు చాచిన ఆ కింది పెదవి చూస్తే నువ్వుపువ్వుకే పసుపు పూసి రెండింతలు చేసినట్లు అనిపించింది. వెంట ఉన్న జర్మన్ స్నేహితురాలు అది ఇంగ్లీషులో ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క అనీ, జర్మన్‌లో దాని పేరు ఫింగర్‌హూట్ అనీ, అంటే కుట్టుపనివారు సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే తొడుగు అనీ చెప్పింది. అప్పటి నుంచి ఏటా జూన్‌లో అక్కడికి వెళుతున్నాను. ఏటా అదే రాతి పక్కన అదే మొక్క పూస్తున్నది.

ఆ ముచ్చటతో ఒక తోట సామాగ్రి దుకాణంలో "పసుపు ఫాక్స్‌గ్లవ్, బహువార్షికం", అంటే ఏళ్ళ తరబడి బతికేది, అని చీటీ ఉన్న మొక్కలు రెండు కొన్నాను. మొదటి ఏడు ఆకులు వేశాయి, రెండవ ఏడు చక్కగా పూశాయి, మూడవ ఏడు వసంతం వచ్చేసరికి ఆ చోట ఎండిన కాడలు తప్ప ఏమీ లేవు. కొండ మీద ఎవరూ నీళ్ళు పోయని మొక్క బతుకుతుంటే, నేను పసిబిడ్డలా సాకిన మొక్క ఎందుకు పోయింది? ఇందులో తప్పు నాదా, దుకాణం వారి చీటీదా?

కంపోస్టు_కాముడు
తప్పు ఎవరిదీ కాదు. ఫాక్స్‌గ్లవ్ రెండేళ్ళ మొక్క. ఒక ఏడు ఆకు, మరుసటి ఏడు పువ్వు, ఆ తరువాత విత్తనం రాల్చి చనిపోతుంది. వేల్స్‌లో మా ఇంటి చుట్టూ ఉన్నవన్నీ అంతే. దిగులు పడకుండా కొత్తవి నాటుకోండి.

చలిదేశం
కాముడు గారి మాటతో నేను ఏకీభవించను. రెండేళ్ళ మొక్క అనేది ఊదా రంగు ఫాక్స్‌గ్లవ్‌కు, అంటే డిజిటాలిస్ పర్‌ప్యూరియాకు చెందిన మాట. అదైనా అప్పుడప్పుడు మూడవ ఏడు చూస్తుంది. సుమ గారు కొండ మీద చూసినది డిజిటాలిస్ గ్రాండిఫ్లోరా అయి ఉండాలి, అది నిఖార్సైన బహువార్షికం. అమెరికాలోని మినియాపోలిస్‌లో మా పెరట్లో దాని దుబ్బులు ఎనిమిదేళ్ళుగా ఉన్నాయి. 2019 జనవరిలో ఇక్కడ ఉష్ణోగ్రత మైనస్ 33 డిగ్రీలకు పడిపోయినప్పుడు మా గులాబీలు రెండు చచ్చిపోయాయి గానీ ఈ దుబ్బులు మాత్రం మంచు కరగగానే ఏమీ జరగనట్లు చిగురించాయి. పూకంకి ఎండిపోతుంది, కానీ మొక్క మొదలు దగ్గర కొత్త పిలకలు పుడతాయి, మరుసటి ఏడు పూసేవి అవే.

కంపోస్టు_కాముడు
ఎనిమిదేళ్ళుగా ఉన్నది అదే మొక్కో, దాని విత్తనాలు అక్కడే పడి మొలిచిన మనవలో మీకెలా తెలుసు? మా ఇంట్లోనూ ఏటా అదే చోట పూస్తాయి, కానీ ఏటా మొక్కలు వేరు.

చలిదేశం
ప్రశ్న సమంజసమే. నేను ఐదవ ఏట ఒక దుబ్బును తవ్వి మూడు ముక్కలు చేసి నాటాను. మొదలు గట్టిపడి, పక్కపక్కనే పిలకలు వేసి, పాత కాడల మచ్చలతో ఉన్నది. నిరుడు మొలిచిన మొక్కకు అంతటి మొదలు ఉండదు. దాని పక్కన మనవలు కూడా ఉన్న మాట నిజమే. తాతగారు కూడా ఇంకా ఉన్నారు.

సందేహాలరావు
అంటే ఉమ్మడి కుటుంబమన్నమాట.

రాతికొండ
వృక్షశాస్త్రం పాఠాలు చెప్పే వృత్తి నాది కనుక కొంచెం పొడుగుగా రాస్తున్నాను, మన్నించండి. గ్రాండిఫ్లోరాకు ఆ పేరు 1768లో ఫిలిప్ మిల్లర్ పెట్టారు. పెద్ద పూల మొక్క అని అర్థం. పాత విత్తనాల పొట్లాల మీద ఇప్పటికీ కనిపించే డిజిటాలిస్ ఆంబిగ్వా కూడా ఇదే మొక్క. ఆంబిగ్వా అంటే సందేహానికి తావిచ్చేది. మన రావుగారికి నచ్చే పేరు. మధ్య యూరప్, దక్షిణ యూరప్ కొండల నుంచి తూర్పున పశ్చిమ సైబీరియా వరకు, కింద టర్కీ దాకా ఇది సహజంగా పెరుగుతుంది. దట్టమైన అడవి దీనికి పనికిరాదు. చెట్లు కూలి వెలుగు పడిన జాగాలు, అడవి అంచులు, రాళ్ళు తేలిన వాలులు దీని నివాసాలు. బ్రిటన్‌లో ఇది స్థానిక మొక్క కాదు, అక్కడి అడవి ఫాక్స్‌గ్లవ్ ఊదా రంగుదే. కాముడు గారి అనుభవం ఆ ఊదా రంగు మొక్కతోనే కనుక ఆయన చెప్పినది వేల్స్‌కు సంబంధించినంత వరకు సరైనదే.

సుమ గారూ, మీ ప్రశ్నకు సమాధానం ఇచ్చే ముందు నాకు కొన్ని సంగతులు కావాలి. చనిపోయిన మొక్కల ఫొటోలు ఉన్నాయా? పువ్వు లోపల గోధుమ రంగు గీతలు వలలా అల్లుకుని ఉన్నాయా, లేక విడివిడి చుక్కలు ఉన్నాయా? ఆకు పైభాగం నున్నగా మెరుస్తున్నదా, లేక ముడతలు పడి నూగుతో బూడిద రంగుగా ఉన్నదా? ఆకును తిప్పి అడుగు భాగం తాకి చూసిన జ్ఞాపకం ఏమైనా ఉన్నదా?

పాతకుండీ
ఇంకొక సులువైన గుర్తు చెబుతాను. పూలన్నీ కాడకు ఒకే వైపు వాలితే ఊదా జాతి, చుట్టూ ఉంటే పసుపు జాతి.

రాతికొండ
పాతకుండీ గారూ, ఆ గుర్తును నమ్ముకుంటే పొరబాటు జరుగుతుంది. గ్రాండిఫ్లోరా పూలు కూడా చాలావరకు ఒకే వైపు తిరుగుతాయి. చుట్టూ పూసే జాతులు వేరే ఉన్నాయి. వల, నూగు, ఆకు మెరుపు, ఈ మూడే ఇక్కడ పనికివచ్చే గుర్తులు.

ఉల్మ్_సుమ
ఫొటోలు వెతికాను. నేను పసుపు అని మురిసిపోయిన పువ్వు ఇప్పుడు తీరికగా చూస్తే మీగడ రంగులో ఉన్నది. లోపల వల లేదు. ముదురు ఎరుపు చుక్కలు ఉన్నాయి, ఒక్కొక్క చుక్క చుట్టూ తెల్లటి అంచు కూడా ఉన్నది. ఆకులు పెద్దవి, ముడతలు పడినవి. మా అమ్మాయి వాటిని కుందేలు చెవులు అని పిలిచేది, అంత మెత్తగా ఉండేవి. ఈ మాట రాస్తూ ఉంటేనే నాకు సమాధానం సగం అర్థమవుతున్నది.

రాతికొండ
మిగిలిన సగం నేను చెబుతాను. మీరు కొన్నది పర్‌ప్యూరియాలో మీగడ రంగు పూసే ఒక తోట రకం. అడవిలో ఊదా రంగున్నా, తోటల వారు ఈ జాతిలో తెలుపు, మీగడ, ఆప్రికాట్ పండు రంగు, ఇలా ఎన్నో ఛాయలు తీశారు. అది తన రెండేళ్ళ ఆయుష్షు తీర్చుకుని పోయింది. మీ పోషణలో లోపం లేదు. గ్రాండిఫ్లోరా ఆకు సన్నగా బల్లెపు మొనలా ఉంటుంది, అంచున చిన్న రంపపు పళ్ళు ఉంటాయి, పైన ఆకుపచ్చగా నున్నగా మెరుస్తుంది. నూగు అడుగు ఈనెల మీద, అంచుల మీద మాత్రమే ఉంటుంది. ఆకు ఎవరికీ కుందేలు చెవి అనిపించదు. పువ్వు మూడు నుంచి ఐదు సెంటీమీటర్ల పొడవుతో బొద్దుగా ఉండి, బయట సన్నని జిగురు నూగు కలిగి ఉంటుంది.

సందేహాలరావు
పెళ్ళిచూపుల్లో చూపించిన అమ్మాయి ఒకరు, పీటల మీద కూర్చోబెట్టిన అమ్మాయి ఒకరు.

ఉల్మ్_సుమ
రావుగారూ, పీటల మీద కూర్చున్న అమ్మాయి కూడా అందగత్తే, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. ఫిర్యాదు అంతా మధ్యవర్తి మీద.

నేలవిడిచి
ఇంత చర్చ ఎందుకు? కొండ మీద మొక్క ఎక్కడున్నదో మీకు తెలుసు. ఒక పిలక తవ్వి తెచ్చుకుంటే తీరిపోతుంది. అడవిలో ఎవరు లెక్కపెడతారు?

రాతికొండ
లెక్కపెడతారు. జర్మనీలో గ్రాండిఫ్లోరా, దానితోపాటు చిన్న పూల పసుపు జాతి లూటియా కూడా, సమాఖ్య జాతుల సంరక్షణ ఉత్తర్వు కింద ప్రత్యేక రక్షణ ఉన్న మొక్కలు. అడవిలో వాటిని తవ్వడమే కాదు, కోయడం, పాడుచేయడం కూడా నిషిద్ధమే. చట్టం సంగతి పక్కన పెట్టినా, రాళ్ళ సందుల్లోకి దిగిన వేళ్ళను తెంపి తెచ్చిన అడవి మొక్క తోటలో నిలదొక్కుకునే అవకాశం తక్కువ. నర్సరీలో పెంచిన మొక్క, లేదా నమ్మకమైన చోట కొన్న విత్తనం, ఇవి రెండే సరైన మార్గాలు.

నేలవిడిచి
చట్టం సంగతి నాకు తెలియదు. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

న్యూజెర్సీ_బంకమట్టి
నా కథ వేరు. నేను లాటిన్ పేరు చూసుకునే కొన్నాను, పువ్వు లోపల గోధుమ రంగు వల కూడా ఉన్నది, అంటే అసలైన గ్రాండిఫ్లోరానే. అయినా మూడవ చలికాలం దాటలేదు. వసంతంలో లాగి చూస్తే మొదలు కుళ్ళి మెత్తబడి చేతిలోకి వచ్చేసింది. కనుక చలిదేశం గారి ఎనిమిదేళ్ళ లెక్కను చూసి అందరూ ధీమాగా ఉండవద్దు. మాది రేగడిని తలపించే బంకమట్టి. వాన పడితే రెండు రోజులు నీళ్ళు నిలుస్తాయి. నాటేటప్పుడు గుంత అడుగున కంకర కూడా పోశాను.

చలిదేశం
ఆ కంకరే మీ కొంప ముంచి ఉండవచ్చు. బంకమట్టిలో గుంత తీసి అడుగున కంకర పోస్తే అది నీటిని బయటికి పంపదు, చుట్టుపక్కల నీరు వచ్చి చేరే తొట్టి అవుతుంది. మొక్కకు చలితో చావు లేదు, తడితో ఉన్నది. మా దగ్గర నవంబరు నుంచి మార్చి వరకు నేల గడ్డకట్టి, పైన పొడి మంచు దుప్పటిలా ఉంటుంది. మీ దగ్గర అదే కాలంలో వాన, కరుగుమంచు, బురద. మీకంటే చలి ఎక్కువైన చోట అదే మొక్క సుఖంగా ఉండటానికి కారణం ఇదే. గుంత తీయకుండా జానెడు ఎత్తున మట్టి పోసి, దాని మీద నాటి చూడండి. మొదలు చుట్టూ ఆకుల చెత్త కప్పవద్దు.

న్యూజెర్సీ_బంకమట్టి
కప్పాను. రెండు అంగుళాలు. ప్రేమతో.

కంపోస్టు_కాముడు
నా పేరు చూసైనా నమ్మండి, కంపోస్టు ఎక్కువైతే కూడా ఈ కుటుంబానికి పడదు. ఎరువు మెండుగా వేసిన చోట మా ఊదా మొక్కలు ఆకు బాగా వేసి, గాలికి కాడ విరిగి పడిపోయాయి. పొలం గట్టున రాళ్ళలో మొలిచినవి నిటారుగా నిలబడ్డాయి.

మేడమీదతోట
హైదరాబాదులో మా మేడ మీద పెంచుదామని రెండుసార్లు ప్రయత్నించాను. అక్టోబరులో విత్తనం చల్లితే మొలకలు చక్కగా వచ్చాయి, జనవరికల్లా అరచేయంత ఆకులు వేశాయి, కానీ పూకంకి లేవనే లేదు. ఏప్రిల్‌లో ఎండ నలభై డిగ్రీలు తాకగానే ఒక్క వారంలో ముడుచుకుపోయాయి. బహువార్షికమన్న మాట నా దగ్గర ఏడు నెలలకే తీరిపోయింది.

చలిదేశం
మేడమీదతోట గారూ, ఈ మొక్క ఆకుల దశలో ఒక చలికాలం గడిపితేనే పూతకు సిద్ధమవుతుంది. హైదరాబాదు డిసెంబరు రాత్రులు దానికి చలి కింద లెక్క కాదు. పైగా ఎండాకాలం దాటడం అసాధ్యం. పూలగొట్టాలే మీకు కావలసినవైతే నువ్వులు చల్లండి. హాస్యానికి అనడం లేదు; ఆ పువ్వును కుండీలో ఎవరూ పెంచరు గానీ అందానికి ఏమీ తక్కువ కాదు.

రాతికొండ
ఆ పోలిక కేవలం పైపై పోలిక కూడా కాదు. ఫాక్స్‌గ్లవ్‌ను ఇప్పుడు ప్లాంటాజినేసీ కుటుంబంలో చేర్చారు, నువ్వు పెడాలియేసీ కుటుంబానికి చెందినది. రెండు కుటుంబాలూ లామియేలీస్ అనే ఒకే క్రమంలోనివి, మన తులసి కూడా ఆ క్రమంలోనిదే. మన కవులు అందమైన ముక్కును నువ్వుపువ్వుతో పోల్చారు. వారు ఆల్ప్ కొండలు ఎక్కి ఉంటే ఏ ముక్కును దేనితో పోల్చేవారో చెప్పలేము.

సందేహాలరావు
ఐదు సెంటీమీటర్ల ముక్కు అయితే పొగడ్త కింద ఎవరూ తీసుకోరు.

మందులచీటి
గుంటూరులో మందుల దుకాణం నడుపుతున్నాను. పూల ముచ్చట మధ్యలో ఒక హెచ్చరిక అవసరమనిపించి రాస్తున్నాను. పువ్వు పసుపైనా ఊదా అయినా, ఈ జాతి మొక్కలన్నింటిలోనూ ఆకు, పువ్వు, విత్తనం అన్నీ విషమే. గుండె లయను మార్చే గ్లైకోసైడ్లు అనే పదార్థాలు వాటిలో ఉంటాయి. పువ్వులు రాకముందు ఊదా జాతి ఆకులను కాంఫ్రీ అనే మూలిక ఆకులుగా పొరబడి కషాయం కాచుకున్నవారు పాశ్చాత్య దేశాల్లో ఉన్నారు. 1785లో ఇంగ్లండులో విలియం వితరింగ్ అనే వైద్యుడు ఊదా జాతి ఆకు నీరు పట్టిన రోగులకు ఎలా పనిచేస్తుందో పుస్తకంగా రాశారు. ఇప్పుడు మేము అమ్మే డిగాక్సిన్ మాత్ర మాత్రం ఊదా జాతిది కాదు. బాల్కన్ దేశాల వైపు పెరిగే నూగు ఫాక్స్‌గ్లవ్, అంటే డిజిటాలిస్ లానాటా ఆకుల నుంచి 1930లో సిడ్నీ స్మిత్ దానిని వేరుచేశారు. సాధారణ మాత్రలో ఉండే మందు మిల్లీగ్రాములో పావు వంతు మాత్రమే. అంత కొద్ది మోతాదుతో గుండెను లొంగదీసే పదార్థం ఏ ఆకులో ఎంత ఉన్నదో ఇంట్లో ఎవరూ తూచలేరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మన పెద్దలు వెటకారంగా అన్నారు. ఈ మొక్క విషయంలో ఆ సామెతను అక్షరాలా పాటించాలి.

మేడమీదతోట
మా నాయనమ్మ గారు వేసుకునే మాత్రకూ ఈ పువ్వుకూ చుట్టరికం ఉన్నదని ఇప్పుడే తెలిసింది. చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో ఇటువంటి మొక్క అసలు పెంచవచ్చా?

మందులచీటి
మన వీధుల్లో పచ్చగన్నేరు లేని ఊరు ఏది? దాని గింజలో ఉన్నవి కూడా ఇదే తరగతి విషాలు. రెండింటికీ ఎంత దగ్గరితనమంటే, డిగాక్సిన్ ఎక్కువైనప్పుడు విరుగుడుగా ఇచ్చే యాంటీబాడీ మందు పచ్చగన్నేరు విషానికి కూడా పనిచేస్తుందని శ్రీలంకలో జరిగిన పరిశోధన ఒకటి 2000లో వెలువడింది. పచ్చగన్నేరు పక్కన పిల్లలను ఎలా పెంచుతున్నామో ఇక్కడా అలాగే ఉండాలి. నోట్లో పెట్టుకోకూడదని చెప్పాలి, మొక్కను పట్టుకున్న చేతులు కడగాలి, పూలు ఉంచిన జాడీలోని నీళ్ళు ఎవరూ తాగే వీలులేని చోట పెట్టాలి. ఎవరైనా తింటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

చలిదేశం
ఆ విషం వల్ల తోటకు ఒక లాభం ఉన్నది. మా వీధిలో జింకలు తిరుగుతాయి. తులిప్‌లు, హోస్టాలు మొదలంటా మేసి పోతాయి గానీ ఫాక్స్‌గ్లవ్ జోలికి రావు.

లండన్_పాలకూర
మీరందరూ ఒక చుట్టాన్ని మరిచిపోయారు. నైరుతి లండన్‌లోని మెర్టన్‌లో ఒకప్పుడు జాన్ ఇన్స్ ఉద్యానశాస్త్ర సంస్థ ఉండేది. ఆ సంస్థ తరువాత చోటు మారి ఇప్పుడు నారిచ్‌లో ఉన్నది. మెర్టన్‌లో ఉన్నప్పుడే 1920లలో బక్స్‌టన్, న్యూటన్ అనే ఇద్దరు ఊదా జాతినీ ఈ పసుపు జాతినీ కలిపి ఒక సంకరాన్ని సాధించారు. దాని పేరు డిజిటాలిస్ మెర్టోనెన్సిస్. చితక్కొట్టిన స్ట్రాబెర్రీ రంగులో పెద్ద పూలు పూస్తుంది. సాధారణంగా ఇటువంటి సంకరాలు గొడ్డుపోతాయి, కానీ ఇందులో క్రోమోజోముల సంఖ్య రెట్టింపైంది. తల్లికి 56, తండ్రికి 56, బిడ్డకు 112. అందువల్ల అది విత్తనం కడుతుంది, ఆ విత్తనం నుంచి మళ్ళీ అదే మొక్క వస్తుంది. నా దగ్గర నాలుగేళ్ళుగా ఉన్నది. అయితే పూత అయిన వెంటనే రెండేళ్ళకొకసారి దుబ్బు విడదీయకపోతే నీరసించిపోతుంది.

కంపోస్టు_కాముడు
రెండేళ్ళ తల్లికీ బహువార్షిక తండ్రికీ పుట్టిన బిడ్డ నాలుగేళ్ళు బతుకుతున్నదన్నమాట. లెక్క బాగానే కుదిరింది.

లండన్_పాలకూర
లెక్క అలా కుదరదు, కానీ నా తోటలో కుదిరింది.

పాతకుండీ
బహువార్షికాలే కావాలంటే గోధుమ రంగు చిన్న పూల పార్విఫ్లోరా కూడా ఉన్నది, అది ఉత్తర స్పెయిన్ కొండలది. సెలవులకు మదీరా దీవికి వెళ్ళినప్పుడు అక్కడి అడవిలో నా ఎత్తు దాటిన ఒక పొద చూశాను. గుబురు తలలో నారింజ పసుపు పూలు. అది కూడా డిజిటాలిసే అని మార్గదర్శి చెబితే నమ్మలేదు.

రాతికొండ
నమ్మండి. అది డిజిటాలిస్ సెప్ట్రమ్. కెనరీ దీవుల్లోని దాని బంధువులతో కలిపి చాలాకాలం వేరే ప్రజాతిగా లెక్కించారు, ఇప్పుడు ఇందులోనే చేర్చారు. మొదలు కర్రబారే ఆ పొదలతో పోలిస్తే మన గ్రాండిఫ్లోరా మధ్యస్థంగా ఉన్నది: కాడ ఏటా చచ్చిపోతుంది, మొదలు బతికి ఉంటుంది.

తుమ్మెదరెక్క
కంకి మీద తుమ్మెదలను ఎవరైనా గమనించారా? మ్యూనిక్‌లో మా తోటలో ఈ పసుపు జాతికి వచ్చేవి ఎక్కువగా పొడవు నాలుక ఉన్న బంబుల్‌బీలే. ఎప్పుడు చూసినా కింది పువ్వుతో మొదలుపెట్టి పైకి పోతాయి. కింది పూలు ముందు విచ్చుకుంటాయి కనుక అవి అప్పటికే పుప్పొడి రాల్చి, ఆడ దశకు చేరి ఉంటాయి. పైవి ఇంకా మగ దశలో ఉంటాయి. తేనె కింద ఎక్కువ. తుమ్మెద వేరే మొక్క నుంచి తెచ్చిన పుప్పొడి ముందుగా కింది పూలకు అంటుతుంది, ఇక్కడి పుప్పొడిని పై పూలలో ఎత్తుకుని మరో మొక్కకు పోతుంది. సాయంత్రం టీ కప్పుతో అరగంట కూర్చుంటే ఇదంతా కంటితో చూడవచ్చు. అందుకే నేను పూత పూర్తయ్యేవరకు కంకి కోయను.

చలిదేశం
నేను కోస్తాను. సగానికి పైగా పూలు రాలగానే నడి కంకిని మొదటి ఆకుల దాకా కత్తిరిస్తే పక్క కొమ్మలు లేచి ఆగస్టులో మళ్ళీ కొద్దిగా పూస్తాయి. మొక్క శక్తి విత్తనాలకు పోకుండా మొదలుకు మిగులుతుంది. అయితే అన్ని కంకులూ కోయవద్దు. ఒకటి వదిలితే మనవలకు సరిపోతుంది.

ఉల్మ్_సుమ
చాలా రోజుల తరువాత వస్తున్నాను. మొక్కలు పోయిన చోట గడ్డి తీస్తుంటే నాణెమంత ఆకుల గుత్తులు పదికి పైగా కనిపించాయి. ఆకు తిప్పి వేలితో రాశాను. అదే కుందేలు చెవి. కనుక మీగడ రంగు అమ్మాయి సంతానాన్ని వదిలే వెళ్ళింది. వాటిని తీసి ఉత్తరపు గోడ పక్కకు మార్చాను, ఎందుకంటే ఈసారి నడి మడి వేరేవారి కోసం ఉంచాను. డిజిటాలిస్ గ్రాండిఫ్లోరా అని స్పష్టంగా రాసి అమ్మేవారి దగ్గర విత్తనాలు తెప్పించాను. పొట్లం విప్పితే మిరియాల పొడిలా ఉన్నాయి. వాటి మీద మట్టి కప్పాలా?

చలిదేశం
కప్పవద్దు. వెలుగు తగిలితేనే మొలుస్తాయి. తడి మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి, పైన గాజు పలక ఉంచండి. పైనుంచి నీళ్ళు పోస్తే కొట్టుకుపోతాయి; కుండీని నీళ్ళ పళ్ళెంలో ఉంచి కింది నుంచి తడవనివ్వండి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

ఉల్మ్_సుమ
మొలిచాయి. ఇరవై రోజులు పట్టింది. పదిహేడు మొలకల్లో ఐదింటిని నత్తలు ఒక్క రాత్రిలో తినేశాయి. మందులచీటి గారూ, విషం విషం అన్నారు, మా నత్తలకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

మందులచీటి
నత్తకు చీటీ రాసే అధికారం నాకు లేదు.

ఉల్మ్_సుమ
మిగిలిన పన్నెండింటిని సెప్టెంబరులో జానెడు ఎత్తు మట్టి దిబ్బ మీద, సగం నీడలో, గుంత తీయకుండా, కంకర పోయకుండా నాటాను. ఆకులు సన్నగా ఉన్నాయి, పైన మెరుస్తున్నాయి, అంచున చిన్న పళ్ళు ఉన్నాయి. రోజూ ఒకసారి తిప్పి చూస్తున్నాను. ఇప్పుడు నవంబరు. చలికి స్ప్రూస్ కొమ్మలు కప్పమని పక్కింటివారు అంటున్నారు. కప్పనా?

చలిదేశం
అవసరం లేదు. మంచే కప్పుతుంది.

తుమ్మెదరెక్క
చలిదేశం గారూ, అది మినియాపోలిస్ కాదు. ఉల్మ్‌లో మంచు పడి నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. మిగిలినదంతా వాన, ఆ మీదట గడ్డకట్టిన బురద. నాలుగు కొమ్మలు ఏటవాలుగా, గాలి ఆడేటట్లు వేయండి, మొదలును తాకనివ్వవద్దు.

న్యూజెర్సీ_బంకమట్టి
ప్రేమతో మాత్రం కప్పవద్దు.

ఉల్మ్_సుమ
ఆరింటికి కొమ్మలు వేశాను, ఆరింటికి వేయలేదు. మార్చిలో వచ్చి రెండు లెక్కలూ రాస్తాను.